బ్యాకప్ క్యాచర్లే ఎక్కువగా కోచ్‌లు ఎందుకవుతారు? (మ్యాచ్‌లు ఆడని రెండో కీపర్ డౌటు)

రెండో_కీపర్:

ఫ్రెండ్స్, ఇది సగం బేస్‌బాల్ డౌటు, సగం నా సొంత గోల, కాస్త ఓపిగ్గా చదవండి. మాది నరసరావుపేట, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో, టెస్టింగ్ జాబ్. టెక్సాస్ క్లయింట్ కాబట్టి రెండేళ్ళుగా నైట్ షిఫ్టే. మనకి పొద్దున 5:30 అయ్యేసరికి వాళ్ళకి రాత్రి మ్యాచ్ మొదలవుతుంది, క్యాబ్ కోసం కింద నిలబడి ఫోన్లో చూడ్డం అలవాటైంది, మొదట్లో క్లయింట్ వాళ్ళతో మాట కలపడానికి పనికొస్తుందనే చూశా, ఇప్పుడు పిచ్చి పట్టింది.

అక్కడ టీమ్‌ని నడిపేవాణ్ణి మేనేజర్ అంటారు, మన హెడ్ కోచ్ టైపు. ఎవరి పాత రికార్డు తీసినా బ్యాకప్ క్యాచర్ (మన రెండో కీపర్ టైపు) అనే ఉంటోంది. బ్రూస్ బోచీ, డేవిడ్ రాస్, స్టీఫెన్ వోగ్ట్, కెవిన్ క్యాష్. క్యాష్ బ్యాటింగ్ యావరేజ్ అయితే .183 అండి బాబూ, అంటే వందసార్లు బ్యాటింగ్‌కి వెళ్తే 18 హిట్లు (కొట్టి సేఫ్‌గా బేస్ చేరడం). మొత్తం కెరీర్లో 246 మ్యాచ్‌లు, వాళ్ళకి ఒక్క సీజన్‌కే 162 ఉంటాయి. ఆయనే 2015 నుంచి టాంపా బే రేస్‌కి మేనేజర్, 2020లో వరల్డ్ సిరీస్ (వాళ్ళ ఫైనల్) దాకా తీసుకెళ్ళాడు. మన దగ్గర ఇలాంటి రికార్డు పట్టుకుని కోచింగ్ ఇస్తానంటే గేటు దగ్గరే టీ ఇచ్చి పంపేస్తారు.

ఇప్పుడు నా గోల. నేను కాలేజీ నుంచి కీపర్నే, ఎప్పుడూ రెండో కీపర్నే. యూనివర్సిటీ టీమ్‌లో అంతే, ఇక్కడికొచ్చాక ఒక క్లబ్‌కి కింది డివిజన్ లీగ్ ఆడితే అక్కడా అంతే. ఐదు సీజన్లలో నేను గ్లవ్స్ తొడుక్కుని గ్రౌండ్లో దిగింది 11 మ్యాచ్‌లకి. "వచ్చే ఏడు నువ్వేరా" అని ఐదేళ్ళూ చెప్పారు, పెళ్ళికి పిలిచి విస్తరి వెయ్యనట్టు. మానేశా. ఈమధ్య వర్తూరు వైపు ఒక చిన్న అకాడమీ వాళ్ళు శని ఆదివారాలు పిల్లలకి కీపింగ్ చూడమన్నారు, రెండు వారాలు వెళ్ళా, బాగానే ఉంది. రెండో ఆదివారం ఒక పిల్లాడి నాన్న నాకు వినపడేట్టే పక్కాయనతో "ఈయన మ్యాచ్‌లే ఆడలేదంట, మావాడికేం నేర్పుతాడు" అన్నాడు. పిల్లాడు కూడా విన్నాడు. అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

నాకు 29. అడిగేది ఏంటంటే, అక్కడ బ్యాకప్ క్యాచర్లే ఎందుకు అవుతున్నారు, అది మన కీపింగ్‌కి ఏమైనా వర్తిస్తుందా లేక నేను ఊరికే గాల్లో మేడలు కడుతున్నానా?

డల్లాస్_టు_వైట్‌ఫీల్డ్:

బ్రో నేను ఆరేళ్ళు డల్లాస్ పక్కన ఉండి వచ్చా, ఆర్లింగ్టన్ స్టేడియంకి చాలాసార్లు వెళ్ళా, కాబట్టి ఇది నా టాపిక్, ఆపకండి.

ముందు ఒక చిన్న సవరణ. వోగ్ట్‌ని పూర్తిగా బ్యాకప్ అనకూడదు, 2015, 2016లో ఆల్‌స్టార్ (ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జట్టు) అయ్యాడు. కానీ మొదలెట్టింది మాత్రం మీకంటే ఘోరంగా, మేజర్ లీగ్‌లో (వాళ్ళ అన్నిటికంటే పై లీగ్) మొదటి 32 సార్లు బ్యాటింగ్‌కి వెళ్తే ఒక్క హిట్ లేదు, తర్వాత కొట్టిన మొట్టమొదటి హిట్టే హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది). 2022లో కెరీర్ ఆఖరి బ్యాటింగ్‌లో కూడా హోమ్ రన్ కొట్టి రిటైర్ అయ్యాడు. 2023లో సియాటిల్‌లో బుల్‌పెన్ కోచ్ (పిచర్లు, అంటే వాళ్ళ బౌలర్లు, వార్మప్ చేసుకునే చోట కోచ్), 2024లో క్లీవ్‌లాండ్ మేనేజర్, ఆ ఏడాదే మేనేజర్ ఆఫ్ ది ఇయర్, 2025లో మళ్ళీ ఆయనకే.

ఇక ఎందుకు అంటే. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ అనుకుంటారు అందరూ, చూడ్డానికి అలాగే ఉంటాడు, వెనకాల గొంతుకూర్చుని పట్టుకుంటాడు, కానీ పని వేరు. మన దగ్గర ఏ బంతి వెయ్యాలో బౌలర్ ఇష్టం, లేదా కెప్టెన్‌తో మాట్లాడుకుంటాడు. అక్కడ ప్రతి బంతికీ ఏది వెయ్యాలో ఎటు వెయ్యాలో క్యాచర్ చెప్తాడు. ఇదివరకు వేళ్ళతో సైగ చేసేవాడు, 2022 నుంచి పిచ్‌కామ్ అని మణికట్టు మీదో మోకాలి దగ్గరో బటన్ల డబ్బా, నొక్కితే పిచర్ టోపీలో మాట వినిపిస్తుంది. ఒక మ్యాచ్‌లో వందా నూటయాభై బంతులు, ప్రతిదానికీ ముందు నిర్ణయం వీడిది. బ్యాటర్ కాళ్ళెక్కడున్నాయి, పోయినసారి ఎలా అవుటయ్యాడు, ఇవాళ మన పిచర్ చేతిలో ఏ బంతి పలుకుతోంది, అన్నీ తలలో తిరుగుతుండాలి. ఫీల్డింగ్ టీమ్ మొత్తంలో మైదానాన్ని ఎదురుగా చూసేవాడు వీడొక్కడే, మిగతా ఎనిమిది మందీ వీడి వైపు చూస్తుంటారు.

ఇప్పుడు బ్యాకప్ సంగతి. 26 మంది టీమ్‌లో 13 మంది దాకా పిచర్లే, ఆ అందరి బంతులూ బ్యాకప్ క్యాచర్‌కి కూడా తెలిసుండాలి. వారంలో ఒకట్రెండు మ్యాచ్‌లు ఆడతాడు, ముఖ్యంగా రాత్రి మ్యాచ్ అయ్యాక మర్నాడు మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే మెయిన్ వాడికి మోకాళ్ళు పట్టేసి ఉంటాయి కాబట్టి ఇతన్ని దింపుతారు. మిగతా రోజులు మీటింగుల్లో కూర్చోడం, వార్మప్‌లో పిచర్ల బంతులు పట్టడం, నిన్న బాగా దెబ్బలు తిన్న కుర్ర పిచర్ పక్కన కూర్చుని మాట్లాడ్డం. అంటే ప్లేయర్ జీతం తీసుకుంటూనే కోచ్ పని నేర్చుకుంటున్నాడన్నమాట.

బోచీ తీసుకోండి. 1978 నుంచి 1987 మధ్య ఆస్ట్రోస్, మెట్స్, పాడ్రెస్ టీములకి కలిపి మొత్తం 358 మ్యాచ్‌లు, 26 హోమ్ రన్లు, అంతే. తర్వాత చిన్న లీగుల్లో మేనేజర్‌గా మొదలెట్టి 1995లో పాడ్రెస్ మేనేజర్, ఆ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో 2010, 2012, 2014 వరల్డ్ సిరీస్‌లు. 2019 అయ్యాక ఇంటికెళ్ళి కూర్చున్నాడు, మూడేళ్ళ తర్వాత మా టెక్సాస్ రేంజర్స్ వాళ్ళు పిలిచారు, వచ్చిన మొదటి సీజనే, 2023లో, ఆ టీమ్ చరిత్రలో మొట్టమొదటి టైటిల్. ఆ ఏడు ప్లేఆఫ్స్‌లో బయటి గ్రౌండ్లలో 11 ఆడితే 11 గెలిచారు. నేను అప్పటికే ఇండియా వచ్చేశా, కడుపు మండిపోయింది.

అన్నట్టు ఆయన తల చాలా పెద్దది, టోపీ సైజు ఎనిమిది దాటుతుంది, టీమ్ మారినప్పుడు సరిపోయే హెల్మెట్ దొరక్క పాతదే వెంట పట్టుకెళ్ళాడు.

ఇడ్లీవడ_సాంబార్:

తల పెద్దదైతే కోచ్ అవుతారంటే మా మేనేజర్‌కి వరల్డ్ కప్ రావాలి 😂

లెక్కల_మాస్టారు:

సారీ, కాస్త చల్లటి నీళ్ళు పోస్తా. పై పోస్ట్ చదివితే బెంచ్ మీద కూర్చున్నవాళ్ళంతా బోచీలు అయిపోతారనిపిస్తుంది. మీరు చూసేది ఒడ్డుకి చేరినవాళ్ళని. మేజర్ లీగ్‌లో 30 టీములు, 30 మేనేజర్ పోస్టులు, ఏడాదికి ఖాళీ అయ్యేవి ఏవో కొన్ని. చిన్న లీగుల్లో ఏళ్ళ తరబడి మోకాళ్ళు అరగదీసుకుని, తర్వాత ఇన్సూరెన్స్ అమ్ముకునే క్యాచర్ల గురించి ఎవడూ వీడియో తియ్యడు. డబ్బు కూడా చూడండి, పైన మేజర్ లీగ్‌లో 2025లో కనీస జీతం ఏడాదికి 7,60,000 డాలర్లు, అదే కింద మెట్టు ట్రిపుల్ ఏ లో 2023లో ప్లేయర్ల యూనియన్ ఒప్పందం కుదిరాక కూడా కనీసం 35,800. ఒక్క మెట్టు తేడా. రెండో క్యాచర్ బతుకు ఆ మెట్టు మీదే ఎక్కడం దిగడం.

కోచ్ అయ్యాక మాత్రం సుఖమా? డేవిడ్ రాస్‌నే తీసుకోండి, చికాగో కబ్స్ టీమ్‌కి దేవుడు. 2016 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, 39 ఏళ్ళ వయసు, రిటైర్మెంట్ ముందే చెప్పేశాడు, అదే ఆఖరి ఆట. మధ్యలో దిగి వచ్చీ రాగానే తప్పు త్రో వేశాడు, వెంటనే ఒక బంతి ఇతని మాస్క్‌కి తగిలి ఎటో పోయి రెండు పరుగులొచ్చాయి, తర్వాత ఇన్నింగ్స్‌లోనే ఆండ్రూ మిల్లర్ లాంటి మేటి పిచర్ మీద హోమ్ రన్ కొట్టాడు. కబ్స్ 8-7తో గెలిచి 108 ఏళ్ళ కరువు తీర్చుకుంది, ఇతన్ని భుజాల మీద ఎత్తుకెళ్ళారు. 2020లో అదే టీమ్‌కి మేనేజర్ చేశారు. 2023 నవంబర్లో క్రెయిగ్ కౌన్సెల్ దొరికాడనగానే తీసి పక్కన పెట్టారు, కౌన్సెల్‌కి ఐదేళ్ళకి 4 కోట్ల డాలర్లు. కౌన్సెల్ క్యాచర్ కూడా కాదు.

క్యాష్ సంగతి కూడా మీరు 2020 ఫైనల్ దాకా అని ఆపేశారు. ఆరో మ్యాచ్‌లో బ్లేక్ స్నెల్ 73 బంతులకి 9 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేసి మంటలా వేస్తుంటే ఆరో ఇన్నింగ్స్‌లో తీసేశాడు, మ్యాచ్ పోయింది, సిరీస్ పోయింది. పిచర్ల మనసు చదవగలిగే క్యాచర్ చేసిన పనా అది?

డల్లాస్_టు_వైట్‌ఫీల్డ్:

మాస్టారూ స్నెల్ విషయంలో నేనూ మీ వైపే, ఈరోజుకీ అర్థం కాదు. కానీ ఒక్క తప్పుతో మనిషిని తూచేస్తే ఎలా, ఆ తక్కువ డబ్బున్న టీమ్‌ని అక్కడిదాకా లాక్కొచ్చిందీ ఆయనేగా.

ఇన్సూరెన్స్ అమ్ముకునేవాళ్ళ మాట నిజమే. అయితే జెఫ్ బానిస్టర్ అని ఒకాయన ఉన్నాడు, విను తమ్ముడూ, ఇది నీ 11 మ్యాచ్‌ల కోసం. చిన్నప్పుడు కాలి ఎముకలో క్యాన్సర్, కాలు తీసెయ్యాలన్నారు. కాలేజీలో క్యాచింగ్ చేస్తుంటే ఒకడు వచ్చి గుద్దితే మెడ ఎముకలు విరిగి కొన్నాళ్ళు కదల్లేకపోయాడు. అవన్నీ దాటి 1991లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున మేజర్ లీగ్‌లో ఒక్కసారి బ్యాట్ పట్టుకున్నాడు, హిట్ కొట్టాడు, మళ్ళీ ఛాన్స్ రాలేదు. జీవితకాల యావరేజ్ 1.000! అదే సంస్థలో ఆటగాడిగా, తర్వాత కోచ్‌గా కలిపి దాదాపు మూడు దశాబ్దాలు ఉండి, 2015లో రేంజర్స్ మేనేజర్ అయ్యి ఆ ఏడాదే మేనేజర్ ఆఫ్ ది ఇయర్. 11 మ్యాచ్‌లు అంటే నువ్వు సీనియర్‌వి.

పార్థసారథి_చెన్నై:

అబ్బాయ్, నాకు బేస్‌బాల్ పెద్దగా తెలీదు, మైలాపూర్లో నలభై ఏళ్ళుగా ఉంటున్న నెల్లూరు వాణ్ణి, ఇక్కడి లీగ్ మ్యాచ్‌లు చెట్టు కింద కూర్చుని చూసినవాణ్ణి. మా మద్రాసు కీపర్ భరత్ రెడ్డి గారు 1979లో ఇంగ్లాండ్‌లో 4 టెస్టులు ఆడారు, అంతే, మిగతా కాలమంతా కిర్మాణీ. కిర్మాణీ లాంటి కీపర్ ఎదురుగా ఉంటే ఎవరైనా ఏం చేస్తారు. ఆ తర్వాత ఆయన ఇక్కడి లీగ్ క్రికెట్లోనే ఉండిపోయి ఎంతమంది కుర్రాళ్ళని తయారు చేశారో చెన్నైలో అడిగితే చెప్తారు. ఆయన 4 టెస్టులే ఆడారు మాకేం నేర్పుతారు అని ఆ కుర్రాళ్ళు అన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

మా చెన్నై దినేష్ కార్తీక్ ఉన్నాడుగా. 2004లో టెస్టుల్లోకొచ్చాడు, ధోనీ వచ్చాక 2010 నుంచి 2018 దాకా ఒక్క టెస్టు లేదు. ఎనిమిదేళ్ళు! మొత్తం మీద 26 టెస్టులు. ఆడ్డం మానగానే మీ బెంగళూరు ఐపీఎల్ టీమ్ ఆర్‌సీబీ వాళ్ళు మెంటార్, బ్యాటింగ్ కోచ్‌గా పెట్టుకున్నారు, 2025 జూన్ 3న ఆ ఐపీఎల్ కప్పు రానే వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఏడిచారు కదా దానికోసం.

మా చిన్నప్పుడు ఊళ్ళో బుర్రకథ చెప్పేవాళ్ళు. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు. దండలు కథకుడికే. కానీ కథ ఎక్కడ జారుతోందో, జనం ఎక్కడ కునుకు తీస్తున్నారో ముందు కనిపెట్టేది వంతే, అక్కడే ఒక చమత్కారం వేసి లేపుతాడు. ఆయన పాడేటప్పుడు వీళ్ళు ఆయన్నే చూస్తారు కాబట్టి. నీ ప్రశ్న చదవగానే అది గుర్తొచ్చింది.

ఒక్కటి అడుగుతా, దాచకుండా చెప్పు. ఆ ఐదేళ్ళు బెంచ్ మీద కూర్చుని ఏం చేశావు? ఫోన్ చూశావా, ఆట చూశావా?

రెండో_కీపర్:

పార్థసారథి గారూ, బాగా అడిగారండి. రాత్రి క్యాబ్‌లో ఇదే ఆలోచించా, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆలోచించడానికి టైముకి లోటుండదు కదా.

నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్ళు ఏడుస్తూ కూర్చున్నా. మెయిన్ కీపర్ బంతి వదిలేస్తే లోపల సంతోషం, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. మూడో ఏడు మా లెఫ్టార్మ్ స్పిన్నర్ ఒకడు, నెట్స్‌లో నేనే పట్టేవాణ్ణి వాడికి, వాడి లోపలికొచ్చే బంతి ఎవరికీ అర్థమయ్యేది కాదు, మా కీపర్‌కి కూడా. నేను గంటలు గంటలు పట్టాను కాబట్టి చూసేశా, అది వేసేముందు వాడు బంతిని ఎడం చేతిలో ఒకసారి ఎక్కువ తిప్పుతాడు. కీపర్‌కి చెప్పా. ఆ తర్వాతి మ్యాచ్‌లో అదే బంతికి స్టంపింగ్ చేశాడు, స్కోర్‌బుక్‌లో వాడి పేరే రాశారు, కానీ లేచాక నా వైపు చూసి గ్లవ్ ఎత్తాడు. అప్పట్నుంచి ఒక నోట్‌బుక్ పెట్టా. ఎదుటి టీమ్ బ్యాటర్లవి కూడా రాసేవాణ్ణి. రెండు నోట్‌బుక్కులు అయ్యాయి, ఇంట్లో మా ఆవిడ పాత పేపర్ల వాడికి వేస్తానని రెండుసార్లు బెదిరించింది.

లెక్కల మాస్టారూ, మీరు చెప్పింది కూడా తలకెక్కింది. ఉద్యోగం మానను, ఆ భయం వద్దు.

డల్లాస్_టు_వైట్‌ఫీల్డ్:

నోట్‌బుక్ ఉందా! అది మొదటి పోస్ట్‌లో చెప్పాలి కదయ్యా.

ఆ స్పిన్నర్ కథకి ఒకటి గుర్తొచ్చింది. బోస్టన్‌లో టిమ్ వేక్‌ఫీల్డ్ అని నకిల్‌బాల్ వేసేవాడు, ఆ బంతి తిరగదు, గాలికి ఊగుతూ ఎటు పోతుందో వేసినవాడికే తెలీదు. దాన్ని పట్టడానికే ప్రత్యేకంగా డగ్ మిరబెల్లీ అని బ్యాకప్ క్యాచర్. 2005 చివర్లో మిరబెల్లీని శాన్ డియేగోకి ఇచ్చేశారు. కొత్తగా వచ్చిన జోష్ బార్డ్ ఒక్క నెలలో 10 బంతులు వదిలేశాడు. ఇక లాభం లేదని బార్డ్‌ని, ఇంకో పిచర్‌ని కూడా ఇచ్చి మిరబెల్లీని వెనక్కి తెచ్చుకున్నారు. 2006 మే 1, యాంకీస్‌తో మ్యాచ్, వేక్‌ఫీల్డ్ బౌలింగ్, మిరబెల్లీ విమానం మ్యాచ్ టైముకి కాస్త ముందు దిగింది, పోలీస్ కారు సైరన్ వేసుకుని ఎయిర్‌పోర్ట్ నుంచి ఫెన్‌వే పార్క్‌కి, కారులోనే బట్టలు మార్చుకున్నాడు. బ్యాకప్ వాడి కోసం పోలీస్ ఎస్కార్ట్! మన దగ్గర మంత్రికి ఇస్తారు అది. కొన్నాళ్ళకి మిరబెల్లీ స్థానంలో వేక్‌ఫీల్డ్‌కి పట్టింది ఎవరో తెలుసా, మీ .183 కెవిన్ క్యాష్.

అండర్15_అమ్మ:

అందరూ మగవాళ్ళే రాస్తున్నారు, నేనూ ఒక మాట చెప్పొచ్చా. మా అమ్మాయి కీపర్, కేఆర్ పురం దగ్గర నేర్చుకుంటోంది, పేరెంట్స్ వైపు నుంచి చెప్తా. మీ దగ్గర ఆయన అన్నమాట తప్పే, కానీ మేం నెలనెలా ఫీజులు, కిట్‌కి వేలకి వేలు పోస్తాం కాబట్టి ఆ భయం ఉంటుందండి. నేనూ మొదట్లో పెద్ద పేరున్న ప్లేయర్ దగ్గరికే తీసుకెళ్ళా. ఆయన మంచివారే, "సహజంగా ఆడు, ఎక్కువ ఆలోచించకు" అనేవారు. ఆయనకి సహజంగా వచ్చింది కాబట్టి అదే చెప్పారు, మా పిల్లకి అది రాదు కదా.

ఇప్పుడున్న సార్ ఎక్కడా పెద్దగా ఆడలేదు. మొదటి రోజే పది నిమిషాలు చూసి, "అమ్మా, పాప బంతి పిచ్ అవ్వకముందే లేచిపోతోంది, అందుకే కింద నుంచి పోతున్నాయి, బంతితో పాటే లేవాలి" అన్నారు. నెలరోజులు టెన్నిస్ బాల్‌తో అదొక్కటే చేయించారు. బైస్ తగ్గాయి. నాకు ఇంకేం సర్టిఫికెట్ అక్కర్లేదు. మీరు ఆ పిల్లాడి నాన్నతో వాదించకండి, వాళ్ళ అబ్బాయిలో మీరు చూసిన ఒక్క విషయం ఆయనకి చూపించండి చాలు.

లెక్కల_మాస్టారు:

ఈ మేడమ్ చెప్పింది నా పోస్ట్ కంటే బాగుంది, ఒప్పుకుంటున్నా. ఇంకో సంగతి, మేనేజర్ పోస్టుల గురించే మాట్లాడుతున్నాం గానీ మన ఇండియా టీమ్‌కి త్రోడౌన్స్ (ప్రాక్టీస్‌కి బంతులు విసరడం) వేసే రఘు, కుమటా నుంచి వచ్చిన రాఘవేంద్ర, బెంగళూరు అకాడమీలో సైడ్‌ఆర్మ్ (బంతి విసిరే పొడుగు పరికరం) పట్టుకుని మొదలెట్టినవాడే. పెద్ద మ్యాచ్‌లు ఏం ఆడాడు? కోహ్లీ అంతటివాడే ఆయన వల్ల ఫాస్ట్ బౌలింగ్ ఆడ్డం మెరుగైందని చెప్పాడు. అమెరికాలో బుల్‌పెన్ క్యాచర్ అంటే సుమారుగా ఇదే. మెట్టు చిన్నదైనా మెట్టే. కానీ కోచింగ్ లెవెల్ కోర్సు స్టేట్ అసోసియేషన్ ఎప్పుడు పెడుతుందో కనుక్కుని కాగితం ఒకటి చేతిలో పెట్టుకో, రేపు ఇంకో నాన్న అడిగితే చూపించడానికి.

రెండో_కీపర్:

అప్‌డేట్. నిన్న ఆదివారం వెళ్ళా. షిఫ్ట్ నుంచి సరాసరి, నిద్ర లేదు. ఆ పిల్లాణ్ణి గమనిస్తే, లెగ్ సైడ్ బంతికి కాలు కదపకుండా చేతులు మాత్రమే చాస్తున్నాడు. వాళ్ళ నాన్న ఫోన్ అడిగి తీసుకుని ఆ ఫోన్లోనే స్లో మోషన్ వీడియో తీసి ఆయనకే చూపించా. ఆయన రెండుసార్లు చూశాడు. ఏం అనలేదు. కాసేపయ్యాక "ఇంటి దగ్గర గోడకి బంతి కొట్టి ప్రాక్టీస్ చేయించొచ్చా" అని అడిగాడు. చేయించండి, టెన్నిస్ బాల్‌తో అయితే బెటర్ అన్నా.

సారీ లాంటిది ఏం చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు.

ఇంకో చిన్న హెల్ప్, అకాడమీలో పిల్లల సైజు కీపింగ్ గ్లవ్స్ రెండు జతలే ఉన్నాయి, ఏడుగురు పిల్లలు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఎవరింట్లోనైనా పాతవి పడుంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.

ఇడ్లీవడ_సాంబార్:

మా అక్క కొడుకువి ఒక జత ఉన్నాయి బ్రో, వాడు ఇప్పుడు చెస్‌లో పడ్డాడు. కుందలహళ్ళి గేట్ దగ్గర ఉంటాం, శనివారం రా. టిఫిన్ కూడా పెట్టిస్తా, నా పేరు చూశావుగా.